డీ-అడిక్షన్ కౌన్సెలర్ కావాలంటే: చదువు, సెంటర్, మొదటి రెండేళ్ళ పని

డీ-అడిక్షన్ కౌన్సెలర్ ఉద్యోగం గురించి అడిగేవాళ్ళు ఎక్కువగా నాలుగు రకాలు. డిగ్రీలో సైకాలజీ చదివి తర్వాత ఏం చేయాలో తేలనివాళ్ళు. ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు. ఇంట్లో నాన్నదో అన్నదో తాగుడు చూసి చూసి ఈ పనిలోకే రావాలనుకున్నవాళ్ళు. తామే తాగి, మానేసి, ఇంకొకరిని ఒడ్డుకు చేర్చాలనుకునేవాళ్ళు. అందరికీ దారి ఒకటే కాదు గానీ, అందరికీ పనికొచ్చే మాట ఒకటుంది. ఏ కోర్సు చేశారన్నదానికంటే, మొదటి రెండేళ్ళు ఎలాంటి సెంటర్‌లో, ఎవరి కింద పనిచేశారన్నదే మీ పనితనాన్ని తేలుస్తుంది. అందుకే ఇక్కడ కోర్సుల గురించి తక్కువగా, పని గురించి ఎక్కువగా రాస్తున్నాను.

అసలు ఈ పనికి అవసరం ఉందా అంటే, కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే నివేదిక 2019లో వచ్చింది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందుతోందని అందులో తేలింది. మిగతా 37 మంది ఇళ్ళలోనే ఉన్నారు. అలాగని అంతమందికి సరిపడా పోస్టులు ఉన్నాయనుకోకండి. అవసరం వేరు, నోటిఫికేషన్ వేరు.

1. ఏ పేరుతో పనిచేస్తారో ముందు తేల్చుకోండి

మానసిక ఆరోగ్య విభాగంలో పనిచేసే అందరూ పేషెంటుకి డాక్టర్లే. మీకు మాత్రం తేడా తెలియాలి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్, మాత్రలు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ మానసిక పరీక్షలు, థెరపీ చేస్తారు. ఆ పేరు పెట్టుకోవాలంటే 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరుండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ మనిషిని కుటుంబం, ఊరు, ఉద్యోగం వైపు నుంచి చూస్తారు. వీళ్ళందరి మధ్యా కౌన్సెలర్ ఉంటారు. పేషెంటుతో ఎక్కువ గంటలు గడిపేది ఆ కౌన్సెలరే.

కౌన్సెలర్ అనే పేరుకి మన దేశంలో చాలాకాలం ఏ లైసెన్సూ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, సైకాలజిస్టులు ఉన్న బిహేవియరల్ హెల్త్ విభాగాన్ని కూడా చేర్చారు. దాని కింద రాష్ట్రాల్లో నమోదు ఎలా సాగుతోందో అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండండి. ఎంఏ సైకాలజీ చేసి బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకునేవాళ్ళు ప్రతి టౌన్‌లోనూ కనిపిస్తారు. మీరు ఆ పని చేయకండి, చట్టం ఒప్పుకోదు.

2. చదువు: ఎంత కావాలో అంతే

ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా అడిగేది ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ, లేకపోతే ఎంఎస్‌డబ్ల్యూ. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ రాసి ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర లాంటి యూనివర్సిటీల్లో చేరవచ్చు. ఉద్యోగం మానలేనివాళ్ళకి ఇగ్నోలో దూరవిద్య ఉంది.

రెండింట్లో ఏది అంటే, ఈ పనికి మాత్రం నేను ఎంఎస్‌డబ్ల్యూ వైపే మొగ్గుతాను, అందులోనూ మెడికల్ అండ్ సైకియాట్రిక్ స్పెషలైజేషన్ వైపు. కారణం ఫీల్డ్‌వర్క్. వారానికి కొన్ని రోజులు ఆస్పత్రికో బస్తీకో వెళ్ళి తీరాల్సిందే. సైకాలజీ పీజీలో చాలాచోట్ల ప్రాక్టికల్ అంటే క్లాస్‌మేట్ మీద పరీక్ష చేసి రికార్డు రాయడమే. మీది అలాంటి కాలేజీ అయితే సెలవుల్లో మీరే వెళ్ళి ఒక సెంటర్‌లో కూర్చోండి.

క్లినికల్ సైకాలజిస్ట్ కావాలనుకునేవాళ్ళు పాత సలహాలు నమ్మకండి. రెండేళ్ళ ఎంఫిల్ ఇన్నాళ్ళూ రాజమార్గం. కొత్త విద్యా విధానంలో ఎంఫిల్ రద్దయ్యాక క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కి మాత్రం యూజీసీ 2025-26 విద్యా సంవత్సరం దాకా వెసులుబాటు ఇచ్చింది. దాని స్థానంలో వస్తున్న కోర్సులేవో, ఏ కాలేజీకి అనుమతి ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే చూడండి, కాలేజీ బ్రోషర్‌లో కాదు.

వారాంతంలో పూర్తయ్యే సర్టిఫైడ్ థెరపిస్ట్ కోర్సుల మీద డబ్బు పెట్టకండి. ఆ డబ్బుతో చెన్నై వెళ్ళి టీటీకే ఆస్పత్రిలో ట్రైనింగ్ ఎప్పుడు ఇస్తారో కనుక్కోండి. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన సంస్థ అది. దక్షిణాదిలో కౌన్సెలింగ్‌నీ, కుటుంబాన్నీ వైద్యంలో భాగం చేసిన తొలి చోట్లలో ఒకటి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో అడిక్షన్ మెడిసిన్‌కి ప్రత్యేక విభాగమే ఉంది. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ కూడా ఈ రంగంలో పనిచేసేవాళ్ళకి శిక్షణ ఇస్తుంది.

3. సెంటర్‌ని ఎంచుకోండి, జీతాన్ని కాదు

మొదటి ఉద్యోగం దొరికే చోట్లు ఇవి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో ఎన్జీఓలు నడిపే డీ-అడిక్షన్ సెంటర్లు, అంటే ఐఆర్‌సీఏలు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పెట్టిన అడిక్షన్ ట్రీట్‌మెంట్ ఫెసిలిటీలు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలల్లో కాంట్రాక్టు పోస్టులు. ప్రైవేటు రిహాబ్‌లు. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్‌గా చేరి ఇటు వచ్చినవాళ్ళూ ఉన్నారు, పునాదికి అది చెడ్డ చోటేం కాదు.

ప్రైవేటు రిహాబ్ జీతం కాస్త ఎక్కువ చూపిస్తుంది. చేరేముందు ఒక పూట అక్కడ గడపండి, ఇవి చూడండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రాష్ట్ర అథారిటీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద ఉందా? సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరిని పిలుస్తారు? చేర్చుకునేటప్పుడు పేషెంటు ఒప్పుకోలు రాయించుకుంటారా, లేక రాత్రిపూట కారులో నలుగురు వెళ్ళి ఎత్తుకొస్తారా? గదులకు బయట గొళ్ళెం ఉందా? గొలుసులతో కట్టేయడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది. కొట్టి మాన్పిస్తామనే చోట మీరు నేర్చుకునేది కౌన్సెలింగ్ కాదు, కాపలా. పైగా రేపు పోలీసులు వస్తే హాజరు పట్టీలో మీ పేరూ ఉంటుంది.

ఇంటర్వ్యూలో వాళ్ళు అడిగేవి అయిపోయాక మీరు అడగాల్సింది ఒకటుంది: నా కేసులు వారానికోసారి కూర్చుని ఎవరు చూస్తారు? ఒక పేరు చెప్తే మంచిది. అందరం కలిసే చూసుకుంటామండీ అన్నారంటే ఎవరూ చూడరని అర్థం. గ్రాంటు మీద నడిచే సెంటర్ అయితే జీతం నెలనెలా వస్తుందా, గ్రాంటు వచ్చినప్పుడు కలిపి ఇస్తారా అని పాత స్టాఫ్‌ని విడిగా అడగండి. మేనేజర్‌ని కాదు.

4. నోటికంటే ముందు కన్ను తయారు చేసుకోండి

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, ఆఖరి పెగ్గు తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి డెలిరియం వస్తుంది. ఎక్కడున్నాడో తెలియదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేని మనుషులతో మాట్లాడతాడు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. అది ప్రాణం పోయే పరిస్థితి. ఆ మనిషికి ఆ రోజు కౌన్సెలింగ్ వద్దు, ఆస్పత్రి కావాలి. ఆ తేడా గుర్తుపట్టడమే మీ మొదటి పని.

ఇంకొకటి. వారం పదిరోజులు తిండి లేకుండా తాగినవాళ్ళకి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ ఎక్కించడం మామూలే. శరీరంలో బీ1 విటమిన్ లోపించిన మనిషికి ముందుగా థయమిన్ (బీ1 విటమిన్ పేరే అది) ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. సూది వేసేది మీరు కాదు. కానీ ఆఖరిసారి ఎప్పుడు తిన్నాడు, ఎప్పుడు తాగాడు అని అడిగి డాక్టరుకి చెప్పేది మీరే.

ఎంత తాగుతారు అంటే అందరూ కొంచెమే అంటారు. ఆ కొంచేన్ని లెక్కలోకి తెండి. మన దగ్గర విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 10 గ్రాములు ఒక డ్రింక్ అనుకుంటే ఆరు డ్రింకులు. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్లది ఒకటి తాగితే నాలుగు డ్రింకులు. ఈ లెక్క వచ్చాక తాగుడు ఎంత ముదిరిందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ (AUDIT) ప్రశ్నావళి పట్టుకోండి. పది ప్రశ్నలు, 40 మార్కులు. 8 గానీ ఆపైన గానీ వస్తే జాగ్రత్తపడాలి, 20 గానీ ఆపైన గానీ వస్తే బానిసత్వం ఉండే అవకాశం ఎక్కువ, డాక్టర్ చూడాల్సిందే. ప్రశ్నలు చదివి వినిపించకండి, మాటల్లో కలిపి అడగండి.

తెలంగాణలో పనిచేసేవాళ్ళు కల్లు గురించి విడిగా నేర్చుకోవాలి. చెట్టు కల్లు వేరు, దుకాణంలో దొరికే మందు కల్లు వేరు. రెండోదాంట్లో డైజెపామ్, ఆల్‌ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో జనం ఎర్రగడ్డ ఆస్పత్రికి బారులు తీరారు. కాబట్టి కల్లే కదా అని కేసు షీట్‌లో ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ దుకాణం, రోజుకి ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళ నుంచి, ఒకరోజు దొరక్కపోతే ఏమైంది అని అడగండి. ఆడవాళ్ళనీ అడగండి. పొలం పని నుంచి వచ్చి ఒళ్ళు నొప్పులకి తాగే పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళని ఎవరూ అడగరు.

గంజాయి సంగతి వేరు. అది మానేస్తే చిరాకు, నిద్రలేమి ఉంటాయి గానీ మద్యంలా ప్రాణం మీదికి రావడం అరుదు. అక్కడ చూడాల్సింది అనుమానాలు, చెవిలో మాటలు వినపడటం లాంటివి. అవి కనపడితే డాక్టర్.

5. మాట్లాడటం నేర్చుకోండి, అంటే సలహాలు ఆపడం

మీ దగ్గరికి వచ్చే మనిషికి సలహాల కొరత లేదు. భార్య చెప్పింది, అత్త చెప్పింది, ఊరి పెద్ద చెప్పాడు, డాక్టర్ లివర్ బొమ్మ చూపించి చెప్పాడు. మీరూ అదే చెప్తే ఐదో మనిషి అవుతారు. అమెరికన్ సైకాలజిస్ట్ విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించి, తర్వాత స్టీఫెన్ రోల్‌నిక్‌తో కలిసి పెంచిన పద్ధతి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. దాని కీలకం ఇంతే: మానాలి అనే మాట మీ నోటి నుంచి కాదు, అతని నోటి నుంచి రావాలి. మీరు మానమని ఎంత గట్టిగా వాదిస్తే, అతను తాగడానికి అన్ని కారణాలు వెతుక్కుంటాడు.

మొదటి కూర్చోవడం సాధారణంగా ఇలా నడుస్తుంది:

"నేను తాగుబోతుని కాదు సార్. పైసలుంటేనే తాగుత."
"పైసలు లేని రోజు ఎట్లుంటది అన్నా?"
"చేతులు గుంజుతయి. నిద్ర పట్టదు."
"అప్పుడేం చేస్తవు?"
"దోస్తు దగ్గర అడుగుత... ఒక్కోసారి ఇంట్ల బియ్యం అమ్మిన."

ఇక్కడ ఆగండి. చూశావా, బియ్యం అమ్ముకునే దాకా వచ్చింది అని అనాలనిపిస్తుంది. అనకండి. "బియ్యం అమ్మినంక ఎట్లనిపించింది?" అని అడిగి ఊరుకోండి. ఆ మౌనాన్ని భరించడం కొత్త కౌన్సెలర్లకి అన్నిటికంటే కష్టం.

ఇంకో ప్రశ్న బాగా పనిచేస్తుంది. మానాలని పదిలో ఎంత ఉంది? నాలుగు అంటాడు. పది ఎందుకు లేదని అడగకండి. రెండు కాకుండా నాలుగు ఎందుకు అని అడగండి. జవాబు చెప్పాలంటే మానడానికి కారణాలు అతనే వెతకాలి.

మన దగ్గర అయ్యప్ప మాల ఒక వరం లాంటిది, వాడుకోవడం తెలియాలి. మాల వేసుకున్నప్పుడు 41 రోజులు ముట్టుకోలేదు సార్, నేను ఎప్పుడనుకుంటే అప్పుడు మానగలను అంటాడు చాలామంది. మాల తీసిన రోజే తాగావుగా అని ఇంట్లోవాళ్ళు దెప్పుతారు. మీరు ఆ 41 రోజులనే విప్పి అడగండి. పొద్దున్నే ఎన్నింటికి లేచాడు, సాయంత్రం ఎవరితో ఉన్నాడు, పీఠం దగ్గర ఏం చేసేవాళ్ళు, అందరూ స్వామి అని పిలిస్తే ఎలా ఉండేది, పాత దోస్తులు ఎందుకు దూరంగా ఉన్నారు. తాగకుండా బతకడానికి అతనికి ఏం కావాలో ఆ జవాబుల్లోనే ఉంటుంది: వేళకి లేవడం, ఒక గుంపు, ఒక గౌరవం. మిగతా రోజులకి వాటిని ఎలా తెచ్చుకోవాలన్నది తర్వాతి సెషన్ పని. ఒక జాగ్రత్త: ముదిరిన తాగుడున్న మనిషి వైద్యం లేకుండా మాల వేసుకుని ఒక్కసారిగా ఆపేస్తే పైన చెప్పిన వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. సీజన్ ముందే అడిగి డాక్టరుని కలిపించండి.

పిల్లల మీద ఒట్టు మాత్రం వేయించకండి. కుటుంబం ఎంత బతిమాలినా సరే. ఒట్టు తప్పిన మనిషి మళ్ళీ మీ మొహం చూడడు.

ఆత్మహత్య గురించి నేరుగా అడగండి. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అన్నా, అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఎలా, ఎప్పుడు, ఇంట్లో ఏముంది అని అడగండి. వ్యవసాయం చేసే ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడ పెట్టారో కనుక్కుని, ఆ సాయంత్రమే వేరే ఇంటికి తరలించమని కుటుంబానికి చెప్పండి. అతన్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు సైకియాట్రిస్ట్‌కి చూపించండి. రాత్రివేళ ఎవరూ అందకపోతే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి, తెలుగులో మాట్లాడతారు.

6. ముందు వచ్చేది భార్యో, తల్లో

సెంటర్ గుమ్మం ముందుగా ఎక్కేది తాగే మనిషి కాదు. అతని కోసం ఎవరో వస్తారు. మీరు చెప్తే వింటాడు మేడం అంటారు. ఆవిడని అతని గురించిన సమాచారం ఇచ్చే మనిషిగా మాత్రమే చూస్తే సగం పని పోయినట్టే. ముందు ఆవిడ సంగతి అడగండి. కొడతాడా, పిల్లలు చూస్తుంటారా, అప్పులు ఎవరి పేరు మీద ఉన్నాయి, ఆవిడ నిద్రపోతోందా. దెబ్బలుంటే మహిళా హెల్ప్‌లైన్ 181 గురించీ, 2005 గృహహింస చట్టం గురించీ చెప్పండి. సర్దుకుపోమ్మా అనడం మీ పని కాదు.

ఆవిడ తప్పకుండా అడిగేది ఒకటుంది: తెలియకుండా అన్నంలో కలిపే మాత్ర పేరు చెప్పండి. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది నిజమే. అది వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం దాకా వస్తుంది. విషయం తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూపులో వాడాల్సిన మాత్ర అది. తెలియకుండా పెడితే ప్రాణానికి ముప్పు, తెలిసిన రోజు ఇంట్లో నమ్మకమూ పోతుంది. వద్దని చెప్పి ఊరుకోకండి, ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పండి. లేకపోతే మెడికల్ షాపువాడో, నాటుమందు వాడో చెప్తాడు.

తర్వాత ఆవిడ చేస్తున్న పనులు చూడండి. బార్‌లో అప్పు తీరుస్తుంది, సూపర్‌వైజర్‌కి జ్వరమని ఫోన్ చేస్తుంది, వాంతి కడుగుతుంది. వాటిలో ఏది ఆపగలదో ఆవిడనే ఎంచుకోనివ్వండి, ఒక్కసారి ఒక్కటే. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు హైదరాబాద్‌తో పాటు మన పెద్ద ఊళ్ళలో ఉన్నాయి, కుటుంబాల కోసం అలనాన్ గ్రూపులు వేరే ఉన్నాయి. దగ్గర్లో ఎక్కడున్నాయో మీరు ముందే వెళ్ళి చూసి వచ్చి చెప్పండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే రాష్ట్రమంతా కదిలింది, సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చి, 1997లో సడలిపోయింది. ఇంట్లో ఆడవాళ్ళు ఒంటరిగా మోసేది నలుగురిలో పెట్టినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి నేను గ్రూప్ సెషన్లలో ఆ ఉద్యమం సంగతి ఎత్తుతుంటాను. పెద్ద వయసు ఆడవాళ్ళకి అది బాగా గుర్తుంటుంది.

7. మళ్ళీ తాగుతాడు, దానికి ముందే సిద్ధపడండి

డిశ్చార్జ్ రోజు దండ వేసి ఫొటో తీసే సెంటర్లున్నాయి. ఆ రోజు చేయాల్సింది క్యాలెండర్ తీయడం. కూలి డబ్బులు ఏ వారం వస్తాయి? సంక్రాంతి, దసరా, బోనాలు ఎప్పుడు? మరదలి పెళ్ళి ఎప్పుడు? దగ్గరివాళ్ళ దినాలున్నాయా? మన దగ్గర చావింట్లో కూడా మందు ఉంటుందని మరవకండి. ప్రతి తారీఖుకీ ఎక్కడుంటాడు, ఎవరు తోడుంటారు, ఎన్నింటికి బయటపడతాడు అని రాయించండి.

కాదనే మాట ప్రాక్టీసు చేయించండి, నిజంగా గట్టిగా పలికించి. మీరే బావమరిది అవ్వండి. "ఒక్క పెగ్గు బావా, నా మీద గౌరవం లేదా?" అనండి. అతను నీళ్ళు నములుతాడు. మానేశానురా అనడానికి సిగ్గుపడేవాళ్ళు మాత్రలు వాడుతున్నాను, డాక్టర్ వద్దన్నాడు అంటే తేలిగ్గా బయటపడతారు. తాగాలనే గుంజుడు సాధారణంగా అరగంటలోపే దిగిపోతుంది. ఆ అరగంటలో ఏం చేస్తాడు, ఎవరికి ఫోన్ చేస్తాడు అన్నది మూడు పేర్లతో చీటీ మీద రాసి జేబులో పెట్టించండి.

తాగి వచ్చిన రోజు ఎందుకు తాగావని అడగకండి. ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పమనండి. మొదటి పెగ్గుకి చాలా ముందే, ఎక్కడో ఒక చిన్న నిర్ణయం కనిపిస్తుంది. వేరే దారిలో రావడం, ఫోన్ స్విచాఫ్ చేయడం, మాత్రలు ఆపేయడం. ఈసారి క్యాలెండర్‌లో చేరాల్సింది అదే.

8. చట్టం, రాత

పేషెంటు చెప్పింది గుట్టుగా ఉంచడం 2017 చట్టం ప్రకారం అతని హక్కు. తండ్రి ఫీజు కట్టినంత మాత్రాన అన్నీ అడిగే హక్కు రాదు. మీరు దాచకూడనివి కూడా ఉన్నాయి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష మీకే. ఈ హద్దులు మొదటి సెషన్‌లోనే పేషెంటుకి చెప్పండి, ఇబ్బంది వచ్చాక కాదు.

గంజాయి కేసు భయంతో చికిత్సకి రాని కుర్రాళ్ళకి చెప్పాల్సింది ఇంకొకటుంది. మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ ప్రకారం, వాడకం కేసుల్లో, తక్కువ పరిమాణం కేసుల్లో తనంతట తాను చికిత్సకి వచ్చినవాళ్ళకి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. అమ్మినవాళ్ళకి లేదు. మీరు లాయరు కాదు కాబట్టి ఇంతవరకు చెప్పి జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పంపండి.

నోట్స్ అదే రోజు రాయండి. అతను అన్న మాట అతని మాటల్లో, మీరు చూసింది, మీరు చేసింది, తర్వాతి తేదీ. మీ అభిప్రాయాలు, కోపాలు అందులో వద్దు. ఆ ఫైలు రేపు కోర్టులో ఎవరైనా పైకి చదవొచ్చు.

9. మీ హద్దులు, మీ ముందు సంవత్సరాలు

సొంత ఫోన్ నంబరు ఇవ్వకండి. అప్పు ఇవ్వకండి, తీసుకోకండి. చిన్న ఊళ్ళో పనిచేస్తే పేషెంట్లు పెళ్ళిళ్ళలో ఎదురవుతారు. అతను పలకరిస్తేనే పలకరించండి, ఎలా తెలుసని ఎవరైనా అడిగితే జవాబు అతనికే వదిలేయండి. ఇంట్లో తాగుడు చూసి వచ్చినవాళ్ళు ఒక్కటి గమనించుకోవాలి: మీ నాన్నలా మాట్లాడే పేషెంటు మీద మీకు అందరికంటే ఎక్కువ కోపమో, ఎక్కువ జాలో వస్తుంది. ఆ కేసుని వారం మీటింగ్‌లో ముందు పెట్టండి.

మీరే తాగి మానేసినవాళ్ళయితే పీర్ ఎడ్యుకేటర్‌గా, అంటే తన అనుభవంతో తోటివాళ్ళకి తోడుండే మనిషిగా మొదలుపెట్టడం మేలు. కనీసం రెండేళ్ళు మద్యం లేకుండా గడిచాకే అని నా అభిప్రాయం. మీ కథ బలమైనదే, కానీ ప్రతి సెషన్‌లో చెప్పకండి. మీరు మానిన దారిలోనే అతనూ మానాలని లేదు.

మొదట్లో జీతం తక్కువ, దీనికి చుట్టూ తిప్పి చెప్పేదేం లేదు. మూడు నాలుగేళ్ళ అనుభవం తర్వాత దారులు పెరుగుతాయి: టెలీ మానస్, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, జైళ్ళు, కాలేజీలు, కంపెనీల ఉద్యోగుల సహాయ కార్యక్రమాలు, కొత్త సెంటర్లకి ట్రైనర్. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు ఆన్‌లైన్‌లో తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ కోసం అడుగుతుంటాయి. కానీ పేషెంటు అక్కడ, మీరు ఇక్కడ ఉన్నప్పుడు అతను రాత్రి వణుకుతో పడిపోతే పిలవడానికి ఆ ఊళ్ళో డాక్టర్ పేరు, దగ్గరివాళ్ళ నంబరు చేతిలో లేకుండా మొదలుపెట్టకండి.

సొంతంగా గది తీసుకునేది ఐదేళ్ళ తర్వాతే. పక్కన ఫోన్ ఎత్తే సైకియాట్రిస్ట్ ఒకరు, అడ్మిషన్‌కి ఒక ఆస్పత్రి, నెలకి రెండుసార్లు మీ కేసులు వినే ఒక సీనియర్ ఉండాలి. ఫీజు ముందే చెప్పండి, రాని సెషన్‌కి ఏం చేస్తారో కూడా. గదికి రెండు తలుపులుంటే మంచిది, బయటికి వెళ్ళేవాళ్ళు వెయిటింగ్‌లో కూర్చున్న పొరుగింటివాళ్ళ కంట పడరు. బోర్డు మీద పేరు, డిగ్రీ, పనివేళలు రాయించండి. 'గ్యారంటీగా మాన్పించబడును' అని పెయింటర్ తనంతట తనే రాసేస్తాడు, దగ్గరుండి చూసుకోండి.